అన్నయ్య రన్నింగ్ బూట్లు

తొంభైల చివర్లో, నర్సీపట్నంలో నేను ఇంటర్ చదివే రోజుల సంగతి. మా అన్నయ్య కానిస్టేబుల్ సెలక్షన్స్ కోసం పరుగు మొదలుపెడతానన్నాడు. ఎప్పుడో కబడ్డీలో దెబ్బతిన్న ఎడమ మోకాలు అప్పటికీ సలుపుతూనే ఉండేది. బూట్లు కొనడానికి నన్నూ బజారుకి తీసుకెళ్ళాడు.

"తక్కువలో సూపించండి. మడమ కాడ మాత్రం మెత్తగుండాల," అన్నాడు షాపాయనతో. ప్రతి జతనీ బొటనవేలితో నొక్కి చూశాడు. చివరికి ఒక తెల్ల జత తొడుక్కుని, షాపు ముందు ఆటోల మధ్య నుంచి పరుగెత్తి వచ్చాడు. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"నొప్పేటీ లేదే సెల్లీ!" అన్నాడు ఆయాసపడుతూ.

వారం తిరగకుండానే మెదడు మలేరియాతో పోయాడు.

మా క్రైస్తవుల ఇళ్ళలో చనిపోయినవాళ్ళకి మంచి బట్టలు, బూట్లు తొడిగి పెట్టెలో ఉంచుతాం. ఆ తెల్ల బూటు ఎడమ కాలికి తొడగబోతే, పాదం బిగుసుకుపోయి ఎక్కలేదు. గట్టిగా నెట్టాను. అంతవరకూ ఏడవకుండా కూర్చున్న అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా తొడగవే. ఆ మోకాలు ఆడికి నొప్పెడతాది."

ఇప్పటికీ పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్ళు ఎదురైతే, నా చూపు ముందు వాళ్ళ మోకాళ్ళ మీదికే పోతుంది.

— ఒక పాఠకురాలు, నర్సీపట్నం