కొక్కెం లేని ఎర

నా చిన్నప్పుడు మా నాన్నకు శుక్రవారం అంటే సముద్రమే. మేం కువైట్‌లో, సాల్మియాలో ఉండేవాళ్లం. నాన్న ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇంజనీరు. విజయవాడలో కృష్ణ ఒడ్డున గాలం వేస్తూ పెరిగిన మనిషి కాబట్టి చలికాలం మొదలైతే ఇంట్లో కూర్చోలేకపోయేవారు. కొక్కేనికి రొయ్య గుచ్చడం ఆయనకి నచ్చేది కాదు. పావురం ఈకలు ఏరి తెచ్చి, రంగుదారంతో కొక్కేనికి చుట్టి, నీళ్లలో వేస్తే అచ్చం చిన్న రొయ్యలా కదిలే ఎరలు తయారుచేసేవారు. ఉత్తరపు గాలి గట్టిగా వీచి నీళ్లు చల్లబడి బురదబురదగా మారితే, షేమ్ అనే బొద్దు వెండి చేపలు ఒడ్డున రాళ్ల దాకా వస్తాయని నాకు చెప్పింది ఆయనే. నీళ్లు తేటగా ఉన్న రోజున, "ఇవాళ అవి మనల్ని చూస్తాయి, మనకేమో అవి కనబడవు" అని నవ్వేవారు.

1990 ఆగస్టులో కువైట్ మీదకి ఇరాక్ సైన్యం వచ్చింది. తెలిసినవాళ్లంతా బస్సులెక్కి జోర్డాన్ మీదుగా వెళ్లిపోయారు. ప్లాంటులో పనిచేసే వాళ్లని మాత్రం కదలనివ్వలేదు. నాన్నని వదిలి వెళ్లేది లేదని అమ్మ మొండికేసింది. మాతోపాటు ఇంకొకరు ఉండిపోయారు, మేం కడప అక్క అని పిలిచే ఆవిడ. ఆమె మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనిచేసేది. ఆ ఇంటివాళ్లు కార్లెక్కి సౌదీ వైపు వెళ్లిపోతూ ఆమె పాస్‌పోర్టు కూడా పట్టుకుపోయారు. రొట్టెల క్యూలో ఒంటరిగా నిలబడి ఏడుస్తుంటే అమ్మ ఇంటికి తీసుకొచ్చింది. "మామా పొయ్యేటప్పుడు కుక్కకి నీళ్లు పెట్టమని చెప్పింది గానీ, నువ్వేం తింటావే అని నన్ను అడగల్యా" అని ఒక్కసారే చెప్పింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు మండిపోయింది. అప్పటికింకా నాకు పదేళ్లు నిండలేదు.

చలికాలం వచ్చేసరికి ఇంట్లో పప్పు అడుగంటింది. అక్కకు జ్వరం పట్టుకుని వదల్లేదు. ఎండు రొట్టె మింగుడుపడేది కాదు. "రవ్వంత చేపల పులుసు నీళ్లు తగిలితే లేచి కూచుంటా వదినా" అనేది అమ్మతో, గోడవైపు తిరిగి.

ఒడ్డు పొడుగునా సైనికులు కందకాలు తవ్వి ముళ్లకంచె వేశారు. మా వీధి చివర రాళ్ల దగ్గర మాత్రం ఒక కాపలా చోటు, దాటడానికి కాస్త సందు ఉండేవి. నాన్న ప్లాంటు కార్డు చూపించి అడిగితే అక్కడి ఆఫీసరు సరేనన్నాడు. పక్కన పిల్ల ఉంటే అనుమానించరని నన్నూ వెంట తీసుకెళ్లారు. ఆరోజు నీళ్లు మాకు కావలసినట్టే ఉన్నాయి. నాన్న విసిరిన కాసేపటికే దారం బిగిసింది. తిరిగొచ్చేటప్పుడు మా సంచిలో నాలుగు షేమ్‌లు ఉన్నాయి.

ఆఫీసరు సంచి లాక్కున్నాడు. నాకు నోరు ఆగలేదు. వచ్చీరాని అరబ్బీలో "ఉఖ్తీ మరీదా, వాహిద్ సమక్" అన్నాను. మా అక్కకి ఒంట్లో బాగాలేదు, ఒక్క చేప ఇవ్వమని. వాడు నన్ను తేరిపార చూసి, సంచిలోంచి అన్నిటికంటే చిన్నది తీసి, కందకం పక్కన తిరిగే పిల్లికి విసిరాడు. "బుక్రా, యల్లా!" అన్నాడు నాన్నతో. రేపు కూడా వచ్చి పట్టమని హుకుం. పోనీ ఆకలితో ఉన్నవాడా అంటే, కాదు. ఎవరి ఇళ్లలోంచో ఎత్తుకొచ్చిన బియ్యం బస్తాలు, పాల డబ్బాలు వాడి జీపు నిండా ఉన్నాయి.

మర్నాడు ఎర విసిరే ముందు నాన్న దాన్ని నా చేతిలో పెట్టి దారం సరిచేసుకుంటున్నారు. ఈకల కింద వేలితో తడిమితే నాకేమీ గుచ్చుకోలేదు.

"నాన్నా, కొక్కెం విరిగిపోయింది!"

"విరగలేదు, కత్తిరించాను. అరవకు, ఇటివ్వు."

ఆ పూటంతా చలిలో నిలబడి, కొక్కెం లేని ఎరని ఎంతో శ్రద్ధగా విసురుతూనే ఉన్నారు. ఒడ్డుమీద ఆఫీసరు సిగరెట్ల మీద సిగరెట్లు కాల్చాడు. చివరికి నాన్న ఖాళీ సంచి దులిపి చూపించి "మాఫీ సమక్" అన్నారు, చేపల్లేవని. వాడు ఆయన భుజం మీద తుపాకీ మడమతో పొడిచాడు.

ఇంటికొచ్చాక నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. అక్క అలా పడుంటే, నీళ్లలో చేపలుంటే, పట్టకుండా దెబ్బలు తిని రావడమేమిటి?

"పట్టినా అక్కదాకా రావమ్మా. వాడికి పళ్లెంలో పెట్టి ఇవ్వడానికి నేను సముద్రానికి వెళ్లను."

"అయితే వెళ్లడం మానెయ్యండి."

"మానేస్తే ప్లాంటుకొచ్చి ఈడ్చుకుపోతాడు. వెళ్తాను, విసురుతాను. వాడి కోసం మాత్రం పట్టను."

ఆ తర్వాత కూడా అలాగే సాగింది. రోజూ వెళ్లడం, విసరడం, తిట్లు తినడం. కొన్నాళ్లకి ఆఫీసరు విసిగి రావడం మానేశాడు. నెరిసిన మీసాల సిపాయి ఒక్కడే కాపలా ఉండేవాడు. ఒకనాడు ఉత్తరపు గాలి వీచి ఆగాక, పొద్దున్నే నాన్న కొక్కెం ఉన్న ఎర కట్టారు. రెండు చేపలు దొరికాయి. వాటిని నా స్వెట్టరు లోపల పెట్టుకున్నాను. కడుపుకి ఐసుగడ్డల్లా తగిలాయి. కంచె దగ్గర ఒక చేప ఇంకా కొట్టుకుంటోంది. సిపాయి నా స్వెట్టరు వంక చూశాడు. చూసి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ పూట అక్క లేచి కూర్చుంది. ముళ్లు కూడా చీకి, "ఇంకో గరిటె పొయ్యి వదినా" అంది. అమ్మ ఏడ్చింది.

అమెరికా వాళ్ల బాంబుల దాడి మొదలయ్యాక కొన్నాళ్లకి ఇరాక్ సైన్యం సముద్రంలోకి ముడి చమురు వదిలేసింది. ఒడ్డంతా తారులా నల్లటి జిడ్డు. రెక్కలు విప్పలేని పక్షులు, వెల్లకిలా తేలే చేపలు. నాన్న కంచె ఇవతలే నిలబడి, "తినడానికి ఎత్తుకుపోయాడంటే అది దొంగతనం. దీన్నేమంటారు?" అన్నారు. యుద్ధం అయిపోయాక అక్కకి కొత్త కాగితాలు వచ్చాయి, కడప వెళ్లిపోయింది. మందుపాతరలున్నాయని ఒడ్డు చాలాకాలం మూసే ఉంచారు.

ఇప్పుడు ఆ రోజుల ఊసు వస్తే మావాళ్లు, "యుద్ధం కదా, అప్పుడు అందరూ అంతే" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అందరూ అంతే కాదు. ఆ సిపాయికి కూడా అదే యూనిఫాం, అదే చలి, బహుశా అతనికి మా కంటే ఎక్కువ ఆకలి. అయినా తల తిప్పుకున్నాడు. ఆఫీసరు కూడా తిప్పుకోగలడు, తిప్పుకోలేదు. జ్వరంలో ఉన్న మనిషి కోసం ఒక పిల్ల చెయ్యి చాపితే, ఆ చేపని పిల్లికి వేసినవాణ్ణి నేను క్షమించలేదు. క్షమించమని నన్నెవరూ అడగకండి.