బూరుగు దూది అనుకున్నాను

పెళ్లయి టేకులపల్లి వచ్చిన మొదటి ఎండాకాలం. పెరట్లో బూరుగుకాయలు పగిలి, ఇల్లంతా దూది నిద్రమత్తుగా తేలుతుండేది.

బదిలీ మీద వెళ్తూ పక్కింటి టీచరమ్మ తన కుందేలును నాకిచ్చి, "కడుపుతో ఉందేమో, జర చూస్కో" అంది. శ్రద్ధకొద్దీ రోజూ దాని పెట్టె ఊడ్చి, మూలన చేరిన తెల్లటి దూదిని పారేసేదాన్ని.

ఒకరోజు ఎత్తుకుంటే దాని పొట్ట బోడిగా, ఎర్రగా ఉంది. గజ్జేమోనని అత్తమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

అత్తమ్మ చూసి, "గజ్జి కాదు బిడ్డా. పిల్లలకు పక్క వేస్తానికి బొచ్చు పీక్కుంటుంది. నువ్వు ఊడ్చింది దూది కాదు" అంది.

నేను ఊడ్చిన ప్రతిసారీ అది మళ్లీ పీక్కుందన్నమాట.

చెత్తబుట్టలోంచి ఆ బొచ్చంతా ఏరి మూలన పరిచాను. తెల్లారేసరికి అందులో నాలుగు ఎర్రటి పిల్లలు మెల్లగా కదులుతున్నాయి.

ఇప్పటికీ ఇంట్లో దూది వాలితే, చీపురు పక్కనపెట్టి ముందు ముట్టి చూస్తాను.