ఇరవై తొమ్మిది గ్లాసులు

గంటమ్మ ఎవర్నీ నమ్మదు. పాలవాడు ఎదురుగా నిలబడి కొలిచినా గిన్నె వంచి చూస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ ప్రాథమిక బడిలో గదులు ఊడుస్తూ, నీళ్లు పడుతూ, గంట కొడుతూ బతుకుతోంది. అసలు పేరు ఉద్యోగపు కాగితాల్లో ఉంది, అక్కడే ఉండిపోయింది. గోడ గడియారం తొమ్మిది చూపించినా చాలదు. తన చేతి గడియారం కూడా ఔనన్నాకే గంట కొడుతుంది.

హాజరుపట్టీ టీచరమ్మది, గ్లాసుల లెక్క గంటమ్మది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చిన ఒక్కో తలకు ఒక్కో స్టీలు గ్లాసు కడిగి నీళ్ల కుండ పక్కన అరుగు మీద పెడుతుంది. ఒకప్పుడు అరుగు చాలక కిటికీ గట్టు మీద కూడా పెట్టేది. అప్పుడు నలుగురు టీచర్లుండేవారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు, వాళ్ల కుర్చీల్లోకి మళ్లీ ఎవర్నీ పంపలేదు. అన్ని తరగతులకూ ఒక్క టీచరమ్మే మిగిలింది. చూసి చూసి జనం పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఎక్కించారు. ఇప్పుడేమో పైవాళ్లే, పిల్లలు లేరు కదా, బడెందుకని అడుగుతున్నారు. కాలు విరగ్గొట్టినవాడే వచ్చి, ఎందుకు కుంటుతున్నావని నిలదీస్తే ఎలా ఉంటుంది?

ఆ సోమవారం బడి తలుపుకు కాగితం అంటించి ఉంది. గంటమ్మకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం కానీ అంకెలు తెలుసు. పదిహేడు కనబడింది. ఇరవై కనబడింది.

"ఏంటి టీచరమ్మా ఇది?"

"పిల్లలు ఇరవై కంటే తగ్గారట. పదిహేడు మందే ఉన్నారట. నెలాఖరుకు బడి మూసేసి పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారట. శుక్రవారం మీటింగు."

"పదిహేడేంటి, నా తలకాయ! రోజూ ఇరవై తొమ్మిది గ్లాసులు కడుగుతున్నా. నా చేతులు అబద్ధమాడతాయా?"

పెద్ద రోడ్డంటే ఎడతెగని లారీల వరస. వాడ పిల్లలు పదిహేడు మందినీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దాటిస్తారేమో. ఇటుకల బట్టీ పిల్లలు పన్నెండు మందినీ ఎవరు దాటిస్తారు? పొద్దు పొడవకముందే వాళ్ల అమ్మానాన్నలు మట్టి తొక్కుతుంటారు. బడి పోతే ఆ పన్నెండు మందీ మళ్లీ ఇటుకలు మోయడమే.

గంటమ్మ అనుమానం ముందు మరిది మీదికి పోయింది. చెల్లెలి మొగుడు, ప్రైవేటు బడి వ్యాను డ్రైవరు.

"నువ్వేగా చెప్పావు తప్పుడు లెక్క?"

"నేనెవర్ని వదినా, నన్నెవరడుగుతారు? మా ఓనరు నా హారన్ మాట కూడా వినడు." నవ్వి, గొంతు తగ్గించాడు. "అయినా నీకేంటి నష్టం? ఆయాని అవతలి బడికి మారుస్తారని విన్నా. ఫ్యాను కింద కూర్చోవచ్చు. నోరు మూసుకుని ఉండరాదూ?"

ఆ మాటతో అనుమానం ఇంకా ముదిరింది. తనను మారుస్తారన్న సంగతి వీడి దాకా ఎలా వచ్చింది? పైనున్నవాళ్లు ముందే అంతా అనుకున్నారన్నమాట. మరి టీచరమ్మ? ఆవిడ ఇల్లు అవతలి బడికి దగ్గర. రెండు రోజులు గంటమ్మ చీపురు పట్టుకుని ఆవిడ చుట్టూనే తిరిగింది. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చింది. బుధవారం టీచరమ్మ ఏదో రాసుకుంటూ, గంటమ్మను చూసి విసుగ్గా పుస్తకం మూసేసింది.

"తెరవండి," అంది గంటమ్మ.

"ఏంటి?"

"ఆ పుస్తకం తెరవండి. మీరే కదూ పదిహేడని రాసిచ్చింది?"

టీచరమ్మ హాజరుపట్టీ తిప్పి ముందు పెట్టింది. ఇరవై తొమ్మిది వరసలు. చివరి పన్నెండు పెన్సిలుతో ఉన్నాయి, వాళ్ల ఊళ్లలోని పాత బడుల నుంచి కాగితాలు రాలేదు కాబట్టి. "చూసుకో. రెండు రోజుల్నుంచి నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నావు. వాళ్లు నా పట్టీ చూడలేదు గంటమ్మా. మనిషిని పంపించి తలలు లెక్కపెట్టించారు. కిందటి నెల, నేను ఆఫీసుకు వెళ్లిన మధ్యాహ్నం. నీలం ఫైలు పట్టుకుని తిరిగే ఆ ఆఫీసరు."

గంటమ్మ చీపురు గోడకు ఆనించింది. అది జారి కింద పడింది, తీయలేదు.

నీలం ఫైలు ఆమెకు బాగా గుర్తుంది. రెండేళ్ల కింద ఇంకో ఫైలు మనిషి వచ్చి, కాగితాల్లేని పిల్లల్ని ఎలా కూర్చోబెట్టారని గొడవ చేసి ఇద్దర్ని పంపించేశాడు. వాళ్లలో ఒక పిల్ల బట్టీ దగ్గర ఇటుకల దొంతర కూలి చెయ్యి పోగొట్టుకుంది. అందుకే కిందటి నెల నీలం ఫైలు గేటు దాటగానే గంటమ్మ పన్నెండు మందినీ విరిగిన బెంచీల గదిలోకి తోలేసింది. "నోటి మీద వేలు. నేను గంట కొట్టేదాకా ఎవడొచ్చినా, ఏమన్నా కదలొద్దు." వాళ్లకు ఆ పని కొత్త కాదు. బట్టీకి ఏ జీపు వచ్చినా మేస్త్రీ వాళ్లను ఇటుకల వెనక దాచేస్తాడు.

ఆయన పదిహేడు తలలు లెక్కపెట్టి అరుగు చూశాడు. "గ్లాసులు ఎక్కువున్నాయేంటి?"

"చుట్టాలొస్తారు కదండీ," అంది గంటమ్మ.

అంతా విన్నాక టీచరమ్మ తల పట్టుకుంది. "ఇది ఎక్కడా అనకు. ఉద్యోగం పోతుంది. నేను పట్టీ చూపించి మాట్లాడతాలే."

శుక్రవారం అదే మనిషి జీపులో వచ్చాడు. టీచరమ్మ పట్టీ చూపిస్తే వేలితో పక్కకు నెట్టాడు. "పెన్సిలు పేర్లు ఎన్నైనా రాయొచ్చు మేడం. నేను కళ్లతో చూసింది పదిహేడు." తల్లిదండ్రులు కాళ్ల వంక చూసుకుంటూ నిలబడ్డారు. బట్టీ తల్లి ఒకామె మట్టి చేతులతోనే వచ్చి ఏదో అనబోతే, పక్కనున్నవాళ్లు కూర్చోమన్నారు.

గంటమ్మకు ఫ్యాను గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే తన కూడుకు లోటు లేదు. చెంగు బిగించి ముందుకొచ్చింది.

"మీ లెక్క తప్పు కాదు సార్. నేనే తప్పు. పన్నెండు మందిని నేనే దాచాను."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "చుట్టాలన్నావు."

"అబద్ధమాడాను. మీరు తరిమేస్తారనుకున్నాను."

"మరి ఏరీ? చూపించు."

గంటమ్మ వెనక్కి తిరిగింది. మీటింగుకు ముందు ఆవరణలో ఆడుకుంటున్న పన్నెండు మందిలో ఒక్కరూ లేరు. జీపు చప్పుడుకే మాయమైపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఫైలు మూయబోయాడు.

"ఒరేయ్, బయటికి రండ్రా!" బెంచీల గది తలుపు తట్టింది. ఉలుకు లేదు, పలుకు లేదు. "నేనేరా, మీ అవ్వని!" అయినా రాలేదు. ఏమన్నా కదలొద్దని చెప్పింది తనే.

పరుగున వెళ్లి గంట అందుకుంది. ఆ ఒక్కరోజు ఏ గడియారమూ చూడలేదు.

తలుపు కిర్రుమంది. ఒకరి వెనక ఒకరు, మోకాళ్ల నిండా దుమ్ముతో, నోటి మీద వేలు తీయకుండానే వచ్చి వరసలో నిలబడ్డారు. మట్టి చేతుల తల్లి తన కూతుర్ని చూసి చెంగు నోట్లో కుక్కుకుంది. వాడ పిల్లలతో కలిపి ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది.

"రాసుకున్నాను. పైకి పంపిస్తాను," అన్నాడు లేస్తూ.

"పైకంటే ఎక్కడికి సార్? ఇక్కడ కూడా రాయండి." గంటమ్మ పట్టీ ఆయన ముందు పెట్టి, సంతకం పడేదాకా గేటు తీయలేదు. రెండు, తొమ్మిది అంకెలు ఉన్నాయో లేదో వంగి చూసుకుంది.

మూసివేత ఆపినట్టు కాగితం రావడానికి మూడు వారాలు పట్టింది. గంటమ్మకు నోటీసు మాత్రం నాలుగో రోజే వచ్చింది: అధికారి నుంచి పిల్లల్ని ఎందుకు దాచావో సంజాయిషీ ఇవ్వమని. టీచరమ్మ కలం పట్టుకుని కూర్చుంది.

"ఏమని రాయమంటావు?"

గంటమ్మ గ్లాసు తుడుస్తూ ఆలోచించింది. "నమ్మకం లేక అని రాయండి."

"ఎవరి మీదో రాయాలి కదా."

"వాళ్లకు తెలుసులెండి," అంది గంటమ్మ. తర్వాత టీచరమ్మ భుజం మీదుగా వంగి, రాసింది అదేనో కాదో చూసుకోవడానికి ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.