పడవ తిరిగొచ్చిన సినిమా

సినిమా హాల్లో అందరూ ఆయన్ని టార్చాయన అనేవారు. చీకట్లో టార్చి వేసి జనాన్ని సీట్లలో కూర్చోబెట్టడం ముప్పై రెండేళ్ళుగా ఆయన పని. ఆదివారం ఉదయం ఆటకి ఫిల్మ్ క్లబ్బువాళ్ళు దేశదేశాల సినిమాలు తెప్పించి వేసేవారు. టార్చాయనకి వాటి పిచ్చి పట్టుకుంది. ఏది గొప్ప సినిమా అని అడిగితే చాలు, వేళ్ళు మడిచి మొదలుపెట్టేవాడు. ఎడారిలో గోడగడియారం మోసుకుపోయే ముసలాడిది ఒకటి. మంచుదేశంలో అత్తాకోడళ్ళు ఏడాదంతా మాట్లాడుకోకుండా ఒకే దుప్పటి అల్లేది ఇంకొకటి. అన్నిటికన్నా పైన పడవ సినిమా. చెబుతూ చెబుతూ, ఆ ఎడారి గాలి తన బుగ్గకే తగులుతున్నట్టు కళ్ళు సగం మూసుకునేవాడు.

ఇందులో ఒక తిరకాసుంది. ఆ మహానుభావుడు ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళని సీట్లకి చేర్చేసరికి మొదలు అయిపోయేది. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా వెళ్ళి బయటి తలుపుల గడియలు తీయాలి. ఇక మిగిలేది నడుమ. తెర కింద మాటలకి అర్థంగా వచ్చే అక్షరాలు కూడబలుక్కునేలోపే మారిపోయేవి. ముగింపేమిటో బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూసి ఊహించుకునేవాడే తప్ప ఎవరినీ అడిగేవాడు కాదు.

పడవ సినిమాలో ఒక తల్లి సముద్రపొడ్డున దీపస్తంభం కాపలా కాస్తుంది. కూతురు పడవెక్కి పొగమంచులోకి వెళ్ళిపోతుంది. ఆయన చూసింది అంతవరకే. ఆ సినిమా వేసిన వారమే పురిట్లో బిడ్డ పోయి, ఆయన భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తిండి లేదు, పలుకు లేదు. ఏం చెయ్యాలో తోచక మంచం పక్కన కూర్చుని పడవ కథ ఎత్తుకున్నాడు. పొగమంచు దాకా వచ్చి ఆగాడు. గుండె దిటవు చేసుకుని, పడవ తిరిగొచ్చిందని చెప్పేశాడు. ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"తర్వాత?" అంది.

అది మొదలు ప్రతి ఆదివారమూ ఒక కథ. ఆమె మిషను మీద దిండు గలీబులు కుడుతూ వినేది. గడియారం ముసలాడు క్షేమంగా ఇల్లు చేరాడు. ఇంకో సినిమాలో యుద్ధానికి పోయిన తమ్ముడు రైలు దిగాడు.

చివరికి ఆయన పని మానే రోజు దగ్గరపడింది. మేనేజరు పిలిచి, "పెద్దాయనా, ఆఖరి ఆదివారం మీకు నచ్చిన సినిమా వేయిస్తాం. ఆ రోజు టార్చి ముట్టుకోవద్దు. అమ్మగారిని తీసుకొచ్చి దర్జాగా కూర్చోండి" అన్నాడు. ఆయన ఉబ్బితబ్బిబ్బై, ఇంటికెళ్ళి ఆ మాట కాస్తా అనేశాడు.

"ఇంకేముంది, పడవ సినిమానే" అంది భార్య మిషను ఆపకుండా.

ఆయన కంగారుపడ్డాడు. "గడియారం ముసలాడిది ఇంకా బాగుంటుంది కదా."

"నాకు పడవే కావాలి."

పడవ రాకపోతే? గోడవైపు తిరిగిన ఆ మొహం మళ్ళీ చూడాల్సి వస్తుందేమోనని వారమంతా ఆయనకి ఒకటే బెంగ.

ఆదివారం ఇద్దరూ నడిమి వరసలో కూర్చున్నారు. ఆ సినిమా మొదలు ఆయన చూడటం అదే తొలిసారి. తల్లి కూతురికి జడ వేస్తోంది, కిటికీలోంచి సముద్రపు వెలుగు ఇద్దరి మీదా ఊగుతోంది. ఎంత హాయిగా ఉందో, కాసేపు భయం కూడా మరిచిపోయాడు. తర్వాత పడవ పొగమంచులోకి పోయింది. అలవాటుకొద్దీ ఆయన కాళ్ళు లేచాయి. భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇవాళ తలుపులు వేరేవాళ్ళు తీస్తారు లెండి."

పొగమంచు విడింది. సముద్రం మీద ఏమీ లేదు. తల్లి చాలాసేపు చూసి, లోపలికెళ్ళి దీపం వెలిగించింది. అంతే, హాల్లో లైట్లు వేశారు.

ఆయన తల దించుకున్నాడు. "నేను నీకు..."

"తెలుసు లెండి. పోయినవాళ్ళు అన్ని సినిమాల్లోనూ తిరిగొచ్చేస్తుంటే తెలియదూ? ఆ తల్లి ఏం చేసిందో చూడాలనే వచ్చాను."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు విన్నావు?"

ఆమె చెయ్యి వదల్లేదు. "పోయినవాళ్ళని ఎలా రప్పించాలా అని మీరు వారమంతా ఆలోచించేవారు. మన పాపని తలుచుకునేది నేనొక్కదాన్నే కాదని అలాగే తెలిసేది."