ఏం పువ్వండి ఇది?

క్యాన్సర్ కణాలను మైక్రోస్కోపు కింద ఫొటో తీయడంలో శిక్షణ ముగించుకుని, రాజమండ్రిలో రావులపాలెం బస్సెక్కాను. నా చేత్తో తీసిన మొదటి ఫొటోను ఫోన్లో పెద్దది చేసి చూసుకుంటున్నాను. నల్లటి చీకట్లో ఆకుపచ్చ, ఎరుపు రంగులు అంచులు చెదరకుండా వచ్చాయి. నేర్పినాయన కూడా బావుందన్నారు.

కడియపులంకలో ఎక్కినావిడ గులాబీ అంట్ల సంచి ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. కాసేపు నా ఫోన్లోకి చూసింది.

“ఈ రకం మా నర్సరీలో లేదండి. ఏం పువ్వండి ఇది?”

“పువ్వు కాదండి, క్యాన్సర్ కణాలు. ఒక పేషెంటు ఒంట్లోంచి తీసినవి.”

ఆవిడ ఫొటో మీంచి చూపు తీసేసి నా వైపు తిరిగింది.

“ఇప్పుడెలా ఉన్నారండి ఆ మనిషి?”

“తెలీదండి. మాకు పేరు చెప్పరు, నంబరే ఇస్తారు.”

“అలాగాండి” అంది. ముళ్లు నాకు తగలకుండా సంచిని అవతలికి జరుపుకుంది. జొన్నాడలో దిగిపోయింది.

ఆ ఫొటోను తర్వాత చాలామందికి చూపించాను. ఏ కెమెరా, ఏ రంగు వాడారు, వెలుతురెంత పెట్టారు అని అడిగారు. ఎలా ఉన్నారని మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు.