నిలబడి ఫోన్ చేసే అమ్మాయి

నంద్యాలలో మా విత్తనాల కంపెనీ ఆఫీసులో మార్కెటింగ్ అసిస్టెంటుగా చేరిన ఆళ్లగడ్డ అమ్మాయికి ఒక అలవాటుండేది. రైతుతో ఫోన్లో మాట్లాడేటప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడేది. ఎందుకని అడిగితే, "మా నాయన వయసోళ్లతో కూచోని యెట్ల మాట్లాడేదన్నా?" అనేది. ఊరూరికీ ఫోన్ చేసి కొత్త శనగ రకం గురించి చెప్పడమే ఆమె పని. ఆమె గొంతులోని మర్యాదకే సగం మంది ఒప్పుకునేవారు.

ఆ ఏడాది రుద్రవరం వైపు ఆ విత్తనం మొలవలేదు. ఫోన్లన్నీ ఆమెకే వచ్చాయి. "చూస్తామని చెప్పి పెట్టేయ్," అన్నాడు మేనేజరు. ఆమె పొద్దంతా నిలబడే సమాధానం చెప్పింది. పొలం చూడ్డానికి పైనుంచి ఎవరూ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఓ ముసలి రైతు ఆఫీసుకే వచ్చాడు. మేనేజరు వెనక గదిలోకి తప్పుకున్నాడు.

"ఫోన్లో చెప్పింది నువ్వేనామ్మా?"

"నేనే నాయనా."

తిడతాడనుకున్నాం. "ఇంత చిన్నపిల్లవా! నిన్నేమనేది?" అని ఆయన ఎండలోకి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకే ఆమె ఉద్యోగం మానేసింది.

మొన్న ఆళ్లగడ్డలో వాళ్ల నాయన అంగడికి వెళ్లాను. తాళ్లు, గంపలు అమ్ముతారు. ఆమె టీ ఇచ్చి నవ్వుతూ మాట్లాడుతుండగా, పంచె కట్టుకున్న రైతొకాయన మెట్లెక్కాడు. ఆమె గబుక్కున పరదా వెనక్కి పోయింది.

"రైతులొస్తే అంతేనప్పా. ఏ ఊరని గూడా అడగదు," అన్నాడు వాళ్ల నాయన, తాడు కొలుస్తూ.

ఆ రైతు బేరం ముగించుకుని వెళ్లిపోయాడు. నేను చాలాసేపు కూర్చున్నాను. ఆమె మళ్లీ బయటికి రాలేదు.