తలుపు వెనక చీపురు

చిన్నమ్మ ఊడ్చిన వీధిలో మెతుకు కింద పడ్డా ఏరుకుని తినొచ్చు అనేవాళ్ళు. ఇరవై ఏడేళ్ళు ఊడ్చింది మరి! ఊడ్చేవాళ్ళని చూసి మూతి తిప్పుకుని పోయే పెద్దమనుషులకి ఏం తెలుస్తుంది గానీ, అదీ ఒక విద్యే. చీపురు కూడా ఆవిడ ఎన్నడూ కొన్నది కాదు. వాళ్ళ నాన్న చీపుర్లు కట్టేవాడు, ఆ పని ఈవిడ చేతికి అబ్బింది. పుల్ల వేళ్ళకి తగిలితే చాలు, మొదలేదో కొసేదో కళ్ళు మూసుకుని చెప్పేది. ఒక్క పుల్ల తలకిందులైనా ఆ చీపురు ఊడవదు, గీరుతుంది అనేవాడు నాన్న.

ఉండేది మూడో అంతస్తులో ఒకే గదిలో, అక్కతో. వీధి మొత్తానికి అక్క పెద్దమ్మ, ఈవిడ చిన్నమ్మ. సొంత పేర్లు వాళ్ళకైనా గుర్తున్నాయో లేదో. పెద్దమ్మ ఇస్త్రీ చేస్తుంది. చూపు మందగించింది గానీ చొక్కా మడత వేలితో తడిమి సరిచేస్తుంది. గదిలో సగం ఇస్త్రీ బల్లే. పొద్దున్నించి సాయంత్రం దాకా పెట్టె వేడికి ఆ గదిలో చలికాలం అడుగు పెట్టదు. పెద్దమ్మ నోరు ఆ పెట్టె కంటే వేడి.

సర్వీసు అయిపోయాక చిన్నమ్మకి చేతులు ఊరుకునేవి కావు. అప్పుడే వీధి చివర పూలబీడు మొదలైంది. అక్కడ రెండిళ్ళ స్థలమంత నేల ఉంది. దాని ఆసామి పోతూ పోతూ, ఇక్కడ ఎవరూ ఎప్పటికీ ఇల్లు కట్టకూడదు, రాయి పరచకూడదు అని రాసిపెట్టి పోయాడు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ పదిళ్ళవాళ్ళని పోగుచేసి, ఈ మట్టిలో తాతల నాటినుంచీ మొలుస్తున్న మొక్కలనే వెతికి తెచ్చి నాటించింది. పుప్పొడి మోసే పురుగులకి తిండీ నీడా దొరకాలని. గేటు తాళంచెవి చిన్నమ్మ చేతిలో పెట్టింది. "పొద్దున్నే లేచేది నువ్వే కదా!" అంది.

తర్వాతి రెండేళ్ళూ చిన్నమ్మకి కలలోలా గడిచాయి. ఎండ ఎక్కేవేళ బీడు మధ్యలో చిన్న పీట వేసుకుని కూర్చునేది. చుట్టూ నడుమెత్తు మొక్కలు. వాటి పేర్లు టీచరమ్మ ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగక తనే పేర్లు పెట్టుకుంది. బట్టలకి అంటుకుని వదలని గింజలదాన్ని ఆడపడుచు అంది. ఎప్పుడూ పక్కదాని మీద వాలిపోయేదాన్ని తోడికోడలు అంది. ఊదాపూల పొడుగాటిదాన్ని మాత్రం అక్క అంది, ఎందుకో అక్కకి చెప్పలేదు. ఏదో ఒకటి జుమ్మని చెవి పక్కనుంచి పోయేది, ఇంకోటి ముంజేతి మీద వాలి కాసేపు ఆలోచించుకుని లేచేది. ఆ మోత వింటుంటే ఊడ్చిన వీధులన్నీ దూరంగా, మెత్తగా, ఎవరివో అయినట్టు అనిపించేవి. కళ్ళు తెరిచే నిద్రపోయేది.

ఇంటికొచ్చాక అక్క అందుకునేది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా? మంచం కింద దుమ్ము చూశావుటే?"

"నీకు కనపడదుగా, నీకెందుకక్కా బాధ?"

"కనపడకపోతే తుమ్ము రాదా?"

ఇదీ వరస. రెండో చలికాలం వచ్చేసరికి బీడంతా ఎండి గోధుమరంగుకి తిరిగింది. రెండ్రోజుల్లో చాలా ఊళ్ళవాళ్ళు చూడటానికి వస్తున్నారని టీచరమ్మ చెప్పింది. చిన్నమ్మ ఆ ఎండు పుల్లలకేసి చూసింది. చుట్టాలొస్తుంటే ఇల్లు ఇలాగేనా ఉంచడం? ఆవిడకి తల తీసేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే కొడవలి పట్టుకుని దిగింది. మధ్యాహ్నానికల్లా ఒక్క పుల్ల నిలబడలేదు. మోపులు కట్టి, పాత పరిచయం కొద్దీ చెత్తబండి డ్రైవర్ని పిలిచి ఎక్కించేసింది. తర్వాత నేలంతా తీర్చి ఊడ్చింది. నడుం పట్టుకుపోయినా ముఖం వెలిగిపోతోంది.

టీచరమ్మ వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయి, మెల్లగా కింద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా? బాగా లేదా?"

"చిన్నమ్మా..." అందావిడ. "తప్పు నాది. నీకు చెప్పలేదు. ఆ పుల్లలు బోలుగా ఉంటాయి చూడు, వాటిలోనే తేనెటీగలు గుడ్లు పెట్టాయి. ఇవి తేనెపట్టు కట్టేవి కావు, ఒంటరివి. తల్లి పుల్లలో ఒక గుడ్డు పెట్టి, పక్కన పుప్పొడి ముద్ద పెట్టి, మట్టితో గోడ కడుతుంది. మళ్ళీ గుడ్డు, మళ్ళీ గోడ. చివర తలుపు మూసి అది చచ్చిపోతుంది. పిల్లలు చలి పోయేదాకా లోపలే నిద్రపోతాయి."

చిన్నమ్మ చెత్తబండి వెళ్ళిన దారికేసి చూసింది. పుట్టి బుద్ధెరిగాక, ఊడవలేదని తిట్లు తిన్నది గానీ, ఊడ్చి తప్పు చేయడం ఇదే మొదలు. టీచరమ్మ తిట్టనైనా తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేది.

పరుగు తీసింది. చెత్త డిపో ఆవిడకి పుట్టిల్లులాంటిది, ఎండు చెత్త ఎక్కడ పోస్తారో తెలుసు. దాన్ని ముక్కలు చేసే యంత్రం అప్పటికే తిరుగుతోంది. దాని నోటికీ తన మోపులకీ మధ్య కొమ్మల కుప్పొకటే అడ్డం. వెళ్ళి ఆ కుప్ప ముందు నిలబడిపోయింది.

"ఆపరా నాయనా! నా పుల్లలు నాకిచ్చెయ్!"

డ్రైవరు నోరు తెరిచాడు. "చెత్త వెనక్కి ఇవ్వడం నా సర్వీసులో లేదు చిన్నమ్మా."

"నా సర్వీసులోనూ లేదు. ఎక్కించు."

మోపులు విడిపోయి తలా తోకా కలిసిపోయాయి. ఆ పుల్లలు మొక్క మీద ఎలా నిలబడ్డాయో అలాగే నిలబెడితే మంచిది, కానీ ఏది పైనో ఏది కిందో ఎవరు చెప్పగలరు అంది టీచరమ్మ. చిన్నమ్మ చెప్పగలదు. మూడు రోజులు గదిలో కూర్చుని ఒక్కో పుల్లా బొటనవేలితో తడిమింది. కణుపు ఎటు ఉబ్బిందో చూసి, మొదళ్ళు ఒకవైపు, కొసలు ఒకవైపు చేర్చి పురికొసతో బిగించింది. అటూ ఇటూ మట్టి మూతలు రాలకుండా పసిపిల్లల్ని పొదివి పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చేతులు కాలాక ఆకులు," అంది పెద్దమ్మ చొక్కా తిరగేస్తూ. చెయ్యి చాపి కట్టని తడిమి, "ఆ కొస గట్టిగా బిగించు, జారుతోంది. నాన్న రెండు చుట్లు తిప్పేవాడు," అని కూడా అంది.

నలభై కట్టలు బీడు కంచె పొడుగునా నిలబెట్టి కట్టారు. ఆ పని అయ్యాక చిన్నమ్మ తాళంచెవి టీచరమ్మ బల్ల మీద పెట్టేసింది.

"అవి లేస్తే తీసుకుంటానమ్మా. లేవకపోతే ఆ గేటు నేను దాటను."

ఎంత చెప్పినా వినలేదు. అప్పట్నుంచి కంచె బయటే నిలబడి చూసి వచ్చేసేది. మంచు కురిసే పొద్దుల్లో నలభై చీపుర్లు ఎవరో వచ్చి పట్టుకుంటారని ఎదురుచూస్తున్నట్టు నిలబడేవి. కలలోనూ అవే. ఏదో పొడుగాటి వీధి, తను ఊడుస్తోంది, ఊడ్చిందల్లా లేచి గాల్లోకి ఎగిరిపోతోంది. లేచాక కాసేపు ఏడ్చేది. పెద్దమ్మకి చూపు సరిగా లేదు గానీ చెవులున్నాయి, చీకట్లోనే తన దుప్పటి చెల్లెలి మీదికి జరిపేది.

చలి తగ్గుముఖం పట్టింది. బీడులో మొదటి పసుపు పూలు నేలకి అంటుకుని పూశాయి. కట్టల్లో చలనం లేదు. వారం గడిచింది, పది రోజులయ్యాయి. ఇంకా పొద్దుటి చలి పోలేదు, ఆగు అనేది టీచరమ్మ, కానీ ఆవిడ గొంతులోనూ నమ్మకం సడలింది. చిన్నమ్మ కంచె దగ్గరికి వెళ్ళడం కూడా మానేసింది.

ఒక పొద్దున పెద్దమ్మ పెట్టె పక్కన పెట్టి చెవి రిక్కించింది.

"ఏమేవ్, తలుపు వెనక ఏదో గొణుగుతోంది."

"నువ్వేనేమో!"

"వేళాకోళం కాదే. నీ కొత్త చీపురు గొణుగుతోంది."

కొత్త చీపురేమిటి? చిన్నమ్మ తలుపు పక్కకి లాగి చూసింది. పాత చీపురు పక్కనే గోడకి ఆనుకుని, మిగిలిన పుల్లలతో ఆఖర్న కట్టిన సన్నపు కట్ట. నలభై ఒకటోది. అచ్చం చీపురులాగే ఉందేమో, మోసుకెళ్ళేటప్పుడు ఎవరి కంటికీ ఆనలేదు. ఇన్నాళ్ళూ ఇస్త్రీ వేడికి అక్కడే కాగింది.

ఒక పుల్ల చివర మట్టి మూతకి చిల్లు పడింది. చిల్లులోంచి చిన్న ముఖం, రెండు మీసాలు. అది తోసుకుని, ఆగి, మళ్ళీ తోసుకుని బయటికి వచ్చింది. ఒళ్ళంతా నూగు, నూగంతా మట్టి. ఇంకో పుల్లలోంచి ఇంకోటి. చిన్నమ్మ నేల మీద కూర్చుని ముఖం దగ్గరికి పెట్టి చూసింది.

"అక్కా... బతికే ఉన్నాయక్కా!"

"వినపడుతోందిలేవే. ఏడవకు, ఏడుపులో అది వినపడదు."

ఒకటి ఎగిరి బల్ల మీది తెల్లచొక్కా మీద వాలింది, ఆ వేడికి ఒళ్ళు కాచుకుంది. పెద్దమ్మ పెట్టె దూరంగా జరిపి, చెయ్యి కదపకుండా అలాగే కూర్చుంది. ఆ మసక కళ్ళలో నవ్వు. చిన్నమ్మ కిటికీ రెక్కలు బార్లా తీసింది. అది గదంతా ఒక చుట్టు తిరిగి, పెద్దమ్మ చెవి దగ్గర ఒక మాట చెప్పి, ఎండలోకి వెళ్ళిపోయింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం? పోయి ఆ తాళంచెవి తెచ్చుకో," అంది పెద్దమ్మ.

చిన్నమ్మ ఆ కట్టని గుండెలకి హత్తుకుని లేచింది. దాని కింద నేల మీద చిటికెడు మట్టిపొడి రాలి ఉంది. చెయ్యి అలవాటుగా పాత చీపురు మీదికి పోయి, ఆగింది.

"అక్కా, ఇక్కడ ఊడవకు."

"నేనెప్పుడు ఊడ్చాను గనక!"